డ్రమ్ము నీళ్లా, కంపెనీ కూలరా: టిగ్ టార్చికి ఏది పనికొస్తుంది?

మేము కొన్న మొట్టమొదటి వాటర్ టార్చి (టిగ్ వెల్డింగులో చేత్తో పట్టుకునే, నీళ్లతో చల్లబడే పిడి) మా షెడ్డులో సరిగ్గా పన్నెండు నిమిషాలు పనిచేసింది.

మే నెల, మిట్టమధ్యాహ్నం. అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన రేకుల షెడ్డు. లారీ గేర్‌బాక్సు అల్యూమినియం కేసింగు పగిలిందని ఎవరో తెచ్చారు. మందపాటి పోత. రెండొందల యాంప్స్ దాటితే తప్ప కరగదు. అప్పటిదాకా వాడిన గాలి టార్చి అరగంటకే చేతిలో నిప్పుకణికలా తయారవుతోందని, వాటర్ టార్చి తెప్పించాం. టార్చి ధర ఫర్వాలేదు, దానికి నీళ్లు తిప్పే కూలర్ ధర వినేసరికి నోరు ఎండిపోయింది. నీళ్లు తిప్పడమే కదా, దానికి అంత డబ్బెందుకని బకెట్టు నిండా నీళ్లు పోసి, పాత ఎయిర్ కూలర్‌లోని పంపు పీకి అందులో వేశాం. పైపు పెట్టి చూస్తే ధార బాగానే ఎగిసింది. టార్చికి కలిపి ఆర్క్ (లోహాన్ని కరిగించే కరెంటు మెరుపు) కొట్టాం.

పన్నెండో నిమిషంలో పిడికి అడుగు వెనక పైపు ఉబ్బింది, బుస్సుమని ఆవిరి కొట్టింది, లోపల కేబుల్ తెగిపోయింది. పక్క షెడ్డాయన వచ్చి చూసి, "ఎండకు నీళ్లు కాగిపోయుంటాయిబ్బా, ఐసుగడ్డ ఏసుంటే సరిపోతుండె" అన్నాడు. బకెట్టులో చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు వేడిగా లేవు. పొద్దున ఎట్లున్నాయో అట్లే ఉన్నాయి.

నీళ్లు చల్లగానే ఉన్నప్పుడు టార్చి ఎట్లా కాలింది? సొంతంగా చేసుకున్న కూలింగుకీ, కొన్న కూలింగుకీ మధ్య ఉన్న తేడా అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ముందు టార్చి లోపల ఏముందో చూద్దాం. మన దగ్గర 'ఆర్గాన్ వెల్డింగు' అని పిలుచుకునే టిగ్‌లో గాలి టార్చికి వేడి తీసేది ఆర్గాన్ గ్యాసూ, చుట్టూ ఉన్న గాలే. డబ్ల్యూపీ-17 అనే మోడల్ అయితే 150 యాంప్స్, డబ్ల్యూపీ-26 అయితే 200 దాకా. అదీ నిరంతరంగా కాదు. డ్యూటీ సైకిల్ అరవై శాతం అని రాసుంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆర్క్ వెలగాలి, నాలుగు నిమిషాలు టార్చికి విశ్రాంతి. వాటర్ టార్చుల్లో డబ్ల్యూపీ-20 అనే చిన్నది 250 యాంప్స్, డబ్ల్యూపీ-18 అయితే 350 మోస్తుంది. పైగా గాలి టార్చి కంటే దీని కేబుల్ సన్నగా, మెత్తగా ఉంటుంది. మణికట్టు తిప్పడానికి హాయి.

ఎక్కువ కరెంటు మోసే కేబుల్ లావుగా ఉండాలి కదా, సన్నగా ఎట్లా ఉంది? వాటర్ టార్చి నుంచి వెనక్కి మూడు గొట్టాలు వస్తాయి. ఒకటి ఆర్గాన్‌ది. రెండోది చల్లనీళ్లను టార్చి తల దాకా తీసుకుపోయేది. మూడోది తలలోంచి వేడి నీళ్లను వెనక్కి తెచ్చేది. ఆ మూడో గొట్టం కడుపులోనే కరెంటు కేబుల్ ఉంటుంది, తిరుగు నీళ్లలో నానుతూ. రాగి సన్నగా ఉన్నా కాలకుండా ఉండటానికి కారణం ఆ నీళ్లే. నాలుగు మీటర్ల పొడవు, 16 చదరపు మిల్లీమీటర్ల రాగిలో 250 యాంప్స్ పోతే ఒక్క ఆ కేబుల్లోనే దాదాపు 270 వాట్ల వేడి పుడుతుంది. ఇస్త్రీపెట్టె కంటే తక్కువే కానీ, రబ్బరు గొట్టంలో మూసిపెట్టిన వేడి అది. అందుకే వాటర్ టార్చిలో నీళ్లు కేబుల్‌కు తోడు కాదు, కేబుల్లో సగం. నీళ్లు ఆగితే సగం కేబుల్ లేనట్టే. గాలి టార్చి వేడెక్కితే చెయ్యి చుర్రుమని చెప్తుంది. వాటర్ టార్చి చెప్పదు, నేరుగా తెగిపోతుంది.

ఇప్పుడు బకెట్టు లెక్క. ఒక లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 4.18 కిలోజౌళ్లు కావాలి. నిమిషానికి ఒక లీటరు చొప్పున టార్చిలోంచి పోయి, పది డిగ్రీలు వేడెక్కి బయటికొస్తే, అవి మోసుకొచ్చిన వేడి దాదాపు 700 వాట్లు. టార్చి తల, కేబుల్ రెండూ కలిపి ఆ పాటి వేడి పుట్టిందనుకుందాం. లీటరు ధార ఉంటే నీళ్లు 35 దగ్గర పోయి 45 దగ్గర వస్తాయి, భేషుగ్గా నడుస్తుంది. అదే ధార నిమిషానికి వంద మిల్లీలీటర్లకు పడిపోతే? అదే 700 వాట్లకు నూరు డిగ్రీలు పెరగాలి. అంటే నీళ్లు బకెట్టుకు తిరిగొచ్చేలోపే గొట్టంలో మరిగి ఆవిరైపోతాయి. బకెట్టు మాత్రం చల్లగానే ఉంటుంది, ఎందుకంటే వేడి అక్కడిదాకా రానేలేదు. ఐసుగడ్డ వేసినా పన్నెండు నిమిషాలకు బదులు పదమూడు నిమిషాలు బతికేది, అంతే.

మరి మొదట్లో ఎగిసిన ధార ఏమైంది?

ఎయిర్ కూలర్ పంపు పని, గడ్డి పలకల మీదికి నీళ్లెత్తి పొయ్యడం. దాని డబ్బా మీద ఎత్తు 1.8 మీటర్లో, రెండు మీటర్లో అని రాసుంటుంది. పది మీటర్ల ఎత్తు నీళ్లంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. ఆ లెక్కన ఈ పంపు తోసే బలం 0.2 బార్ లోపే. వాటర్ టార్చికి మామూలుగా కావలసింది రెండు మూడు బార్లు. తలలో నీళ్ల దారి పెన్సిల్ ములుకంత సన్నం, ఆపైన కేబుల్ ఇరుక్కుని ఉన్న గొట్టం నాలుగు మీటర్లో, ఎనిమిది మీటర్లో. ఖాళీ గొట్టంలో ఎగిసిన ధారను చూసి మురిసిపోవడం పెళ్లిచూపుల్లో మాటతీరు చూసి కాపురం ఎట్లుంటుందో చెప్పేసినట్టే. ధారను కొలవాల్సింది టార్చి కలిపాక, తిరుగు గొట్టం కొసలో. లీటరు సీసా పట్టుకుంటే నిమిషంలోపు నిండాలి. ఈ కొలతకు పైసా ఖర్చు లేదు, నేనేమో టార్చి ఖర్చు పెట్టి నేర్చుకున్నాను.

కంపెనీ కూలర్లలో చాలావాటిలో ఇత్తడి వేన్ పంపు (లోపలి రెక్కలు తిరుగుతూ నీళ్లు తోసేది) ఉంటుంది, పక్కనే ఒత్తిడి మూడు మూడున్నర బార్ దాటితే నీళ్లను ట్యాంకుకే మళ్లించే వాల్వు ఉంటుంది. గొట్టం నలిగినా పంపు కాలదు, గొట్టం పేలదు. రోజంతా తిరగడానికే చేసిన పంపు అది.

సొంతంగా చేసుకునేవాళ్లకు మన జిల్లాలో దొరికే మంచి ప్రత్యామ్నాయం ఒకటుంది: రైతులు వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్‌లోని 12 వోల్టుల డయాఫ్రం పంపు, అంటే లోపల రబ్బరు పొర ఆడుతూ నీళ్లు తోసేది. ఏ పురుగుమందుల అంగడి పక్కన అడిగినా దొరుకుతుంది. నాలుగైదు బార్లు తోస్తుంది, నిమిషానికి రెండు మూడు లీటర్లు సులువుగా పోస్తుంది. చిక్కులు రెండు. ఒత్తిడి పెరగ్గానే తనంతట తాను ఆగిపోయే స్విచ్ దానికి ఉంటుంది, టార్చి సన్నదారి దగ్గర అది టకటకమని ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. పంపు నుంచి ట్యాంకుకు చిన్న బైపాస్ గొట్టం పెట్టి, కాస్త నీళ్లు తిరిగిపోనిస్తే ఆ వేధింపు తగ్గుతుంది. రెండోది, అది ఒక ట్యాంకు మందు కొట్టి ఆగే పని కోసం చేసినది. గంటల తరబడి తిప్పితే మోటారు బ్రష్షులు అరిగిపోతాయి, రబ్బరు పొర వదులవుతుంది. ఒక పంపు అదనంగా అల్మారాలో పెట్టుకుంటేనే దీన్ని నమ్మండి. ఇంట్లో ఆర్వో ఫిల్టర్‌కుండే 24 వోల్టుల బూస్టర్ పంపుకు ఒత్తిడి కావలసినంత ఉంటుంది, ధారే చాలదు. సీసా పరీక్షలో నెగ్గితే చిన్న టార్చికి వాడుకోవచ్చు.

కుళాయి నుంచి నేరుగా టార్చికి కలిపి, వచ్చిన నీళ్లు కాలవలోకి వదిలేసే పాత పద్ధతి ఒకటుంది. వేరే ఊళ్ల సంగతి నాకెందుకు గానీ, సాలీనా వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉండే అనంతపురంలో గంటకు అరవై లీటర్లు మోరీపాలు చేసే పని నేను చెయ్యను. పైగా షెడ్డు మీది ట్యాంకు ఐదు మీటర్ల ఎత్తులో ఉంటే ఒత్తిడి అర బారే.

చల్లదనం ఎవరిది ఎక్కువ?

ఇక్కడ మాత్రం డ్రమ్ము గెలుస్తుంది. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

రెండొందల లీటర్ల డ్రమ్ములో నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి 700 వాట్ల వేడి ఇరవై నిమిషాలు పొయ్యాలి. గంటసేపు ఆగకుండా ఆర్క్ వెలిగినా మూడు డిగ్రీలే పెరుగుతాయి. గంటసేపు ఆగకుండా వెలిగించే వెల్డర్ ఎక్కడున్నాడు? రాడ్డు మార్చాలి, పీసు తిప్పాలి, టీ తాగాలి. పని గంటల్లో ఆర్క్ వెలిగేది మూడో వంతు ఉంటే ఎక్కువ. ఫ్యాను లేకుండా, రేడియేటర్ లేకుండా డ్రమ్ము రోజంతా ఓర్చుకుంటుంది, రాత్రికి మళ్లీ చల్లబడుతుంది.

కంపెనీ కూలర్‌లో పట్టేది ఏడెనిమిది లీటర్లు. ఫ్యాను లేకపోతే అదే 700 వాట్లకు పది నిమిషాల్లో పన్నెండు నుంచి పద్నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. కాబట్టి దాని బతుకంతా రేడియేటర్ మీద, ఫ్యాను మీద. రేడియేటర్ వేడి వదిలేది నీళ్లకూ గాలికీ ఉన్న తేడాను బట్టి. కూలర్ వివరాల పట్టికలో చల్లబరిచే సామర్థ్యమని రాసే కిలోవాట్లు చాలా కంపెనీలు 25 డిగ్రీల గాలి దగ్గర, నిమిషానికి లీటరు ధారకు లెక్కగట్టి చూపుతాయి. నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. 25 డిగ్రీల గాలిలో తేడా 35. మన మే నెల 42 డిగ్రీల్లో తేడా 18. అంటే డబ్బా మీద రాసిన సామర్థ్యంలో మన రేకుల షెడ్డులో మిగిలేది సగమే. కొనేవాళ్లు దీన్ని మనసులో పెట్టుకుని, అవసరమనుకున్న దానికంటే ఒక మెట్టు పెద్దది తీసుకోవాలి. అమ్మేవాడు ఈ సంగతి చెప్పగా నేను వినలేదు.

రేడియేటర్ ఎంత పెద్దదైనా నీళ్లను చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబరచలేదు. కుండ మాత్రం చల్లబరుస్తుంది. చలివేంద్రంలో ఇసుక మీద పెట్టిన కుండలో నీళ్లు చల్లగా ఉండటానికి కారణం చెమర్చిన తడి ఆవిరవుతూ వేడిని పట్టుకుపోవడం. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ ఇరవై శాతమే ఉంటే, ఆవిరితో నీళ్లను 24 డిగ్రీల దగ్గరికి దించే వీలుంది. కోస్తావాళ్లకు లేని వరం ఇది. డ్రమ్ముకు తడి గోనెపట్ట చుట్టి నీడలో, గాలి తగిలేచోట పెడితే చాలు. ఖర్చయ్యే నీళ్లు కూడా తక్కువ: 700 వాట్లను ఆవిరి రూపంలో వదలాలంటే గంటకు ఒక లీటరు. కాలవలోకి వదిలే అరవై లీటర్లతో పోల్చి చూసుకోండి.

ఐసు మాత్రం వద్దు. వానాకాలం ముసురులో గాలి 30 డిగ్రీలు, తేమ ఎనభై శాతం ఉంటే, 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనికైనా చెమట పడుతుంది. టార్చి తలకు చెమట పడితే ఆ తడి ఆర్క్‌లోకి పోతుంది, అల్యూమినియం అతుకు నిండా బెజ్జాలు. టార్చి నీళ్లు గోరువెచ్చగా ఉండటమే క్షేమం.

ఏ నీళ్లు?

సొంత కూలింగు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే, అదీ నెమ్మదిగా, ఆరు నెలలకో ఏడాదికో తెలిసేలా.

అనంతపురం జిల్లా బోరు నీళ్లనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. అది పళ్లకూ ఎముకలకూ శత్రువు. టార్చికి శత్రువులు వేరే: కాల్షియం, మెగ్నీషియం. వాటర్ హీటర్ కడ్డీ మీద తెల్లగా గట్టిగా పట్టే సున్నపు పొరే టార్చి తలలోనూ పడుతుంది. నీళ్లు బాగా వేడెక్కేది అక్కడే, దారి అన్నిటికంటే సన్నగా ఉండేదీ అక్కడే. పొర పెరిగేకొద్దీ ధార తగ్గుతుంది, ధార తగ్గితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే పొర ఇంకా పడుతుంది.

ఇంకొకటి, ఉప్పున్న నీళ్లలో కరెంటు పారుతుంది. టిగ్ మిషన్ ఆర్క్ మొదలుపెట్టడానికి వేల వోల్టుల హైఫ్రీక్వెన్సీ కరెంటు వదులుతుంది. కేబుల్ నీళ్లలోనే ఉంది కాబట్టి ఆ వోల్టేజీలో కొంత నీళ్ల గొట్టం వెంబడి ట్యాంకులోకీ, పంపు ఇనుములోకీ కారిపోతుంది. ఆర్క్ అందుకోవడానికి నాలుగైదుసార్లు మీట నొక్కాల్సొస్తే మనం మిషన్‌ను తిట్టుకుంటాం, తప్పు నీళ్లది. ఆ పారే కరెంటే రాగిని కొంచెం కొంచెంగా తినేసి పచ్చటి బురదగా మార్చి ఫిల్టర్‌కు అడ్డం పెడుతుంది.

ఆర్వో మెకానిక్ జేబులో ఉండే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) అడిగి ముంచి చూశాను. షెడ్డు బోరు నీళ్లు వెయ్యి పైన. తాగునీటికి ఐదొందల లోపు ఉంటే మేలు, వేరే దారి లేకపోతే రెండువేల దాకా సరే అంటుంది మన జాతీయ ప్రమాణం, కాబట్టి మనిషికి ఫర్వాలేకపోవచ్చు. టార్చికి మాత్రం కుదరదు. ఆర్వో నీళ్లు యాభై చుట్టూ, బ్యాటరీ అంగట్లో అమ్మే, లవణాలు తీసేసిన డీఎం వాటర్ ఐదారు. అదే కావాలి.

కారు కూలెంటు పచ్చగా ఉంది కదా అని పోసేవాళ్లున్నారు. ఇంజన్ కోసం కలిపిన తుప్పు మందుల వల్ల అది కరెంటును బాగానే పారనిస్తుంది. కారుడు ఆపే పొడి కలిసిందైతే టార్చి సన్నదారికి అదే బిరడా. టార్చి కోసమే అమ్మే కూలెంటులో గ్లైకాల్ ముఖ్యంగా నీళ్లు గడ్డకట్టకుండా ఉండటానికి. మనకు ఆ భయమే లేదు. పంపుకు కాస్త నునుపు, పాచి పట్టకుండా కాపు, ఈ రెండూ అదనపు లాభాలు. నేను డీఎం వాటరే పోస్తాను, ట్యాంకును వెలుతురు తగలకుండా మూసి ఉంచుతాను, మూడు నెలలకోసారి మారుస్తాను. వెలుతురు లేకపోతే పాచికి బతుకు లేదు.

మరి డ్రమ్ములో రెండొందల లీటర్ల డీఎం వాటర్ ఎవరు పోస్తారు? పోసినా గోనెపట్టతో ఆవిరి కూలింగు పెడితే దుమ్ము పడుతుంది, నీళ్లు ఆవిరైనకొద్దీ మళ్లీ పొయ్యాలి. దీనికి విరుగుడు నీళ్లను రెండుగా విడదీయడం. టార్చిలో తిరిగేవి ఐదారు లీటర్ల డీఎం వాటర్, మూసిన చిన్న డబ్బాలోంచి. తిరిగొచ్చేటప్పుడు పాత ఏసీ నుంచి తీసిన రాగి గొట్టం చుట్టలోంచి పోతాయి. పది మీటర్ల ఆ చుట్ట డ్రమ్ములో బోరు నీళ్లలో మునిగి ఉంటుంది. సున్నం పట్టినా చుట్ట బయటే పడుతుంది, ఏడాదికోసారి గీకితే పోతుంది. చుట్టకు బదులు కారు రేడియేటర్ వాడేవాళ్లు అది అల్యూమినియమా రాగా చూసుకోవాలి. ఒకే నీళ్లలో రాగి టార్చి, అల్యూమినియం రేడియేటర్ ఉంటే అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది.

డబ్బులు పెట్టి కొనేది కాపలా

చల్లదనం డ్రమ్ము ఇస్తుంది, ఒత్తిడి మంచి పంపు ఇస్తుంది, శుభ్రత డీఎం వాటర్ ఇస్తుంది. ఇక కంపెనీ డబ్బాలో మిగిలింది ఫ్లో స్విచ్. ధార తగ్గితే మిషన్‌కు కబురు పంపి ఆర్క్‌ను ఆపే చిన్న పరికరం. పంపు ప్లగ్గు ఊడినా, గొట్టం మీద గ్యాస్ సిలిండర్ ఎక్కినా, కుర్రాడు పంపు వెయ్యడం మరిచినా అది మరిచిపోదు. నా మొదటి టార్చిని కాపాడగలిగింది అదొక్కటే.

దీన్ని విడిగా కొని పెట్టుకోవచ్చు. తిరుగు గొట్టంలో ఫ్లో స్విచ్ బిగించి, దాని రెండు వైర్లను టార్చి మీట వైరుతో వరుసలో కలిపితే నీళ్లు లేనిదే మీట పనిచెయ్యదు. కంపెనీ కూలర్ కొన్నవాళ్లకూ ఒక హెచ్చరిక: ఆ కబురు వైరు ఆ కంపెనీ మిషన్‌కే సరిపోయేలా ఉంటుంది. వేరే మిషన్ పక్కన పెడితే వైరు వెనక వేలాడుతూ ఉంటుంది, కూలర్‌లో ఎర్రలైటు వెలుగుతూ ఉంటుంది, హెల్మెట్ లోపలున్న వెల్డర్‌కు అది కనిపించదు. చవక కూలర్లలో కొన్నిటికి స్విచ్చే ఉండదు, గాజు కిటికీలో తిరిగే చక్రం మాత్రమే. ఆ డబ్బుకు నీళ్ల డబ్బా, పంపు కొన్నట్టే గానీ కాపలా కొన్నట్టు కాదు. కొనేముందు అడగాల్సిన మొదటి మాట ఇదే, కిలోవాట్లు తర్వాత.

టార్చి పోతే డబ్బులే పోతాయి. ఇంకో సంగతిలో ప్రాణం పోతుంది. 230 వోల్టుల పంపును నీళ్లలో ముంచామంటే, దాని సీలు చెడిన రోజు ఆ కరెంటు నీళ్ల వెంట నేరుగా వెల్డర్ చేతిలోని టార్చికి దారి పట్టొచ్చు. మే నెలలో చెమటతో తడిసిన గ్లౌజులు, తడి నేల. అందుకే 12 లేక 24 వోల్టుల పంపే వాడాలి, దాని అడాప్టర్ కూడా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచేసే స్విచ్) వెనకే ఉండాలి. ఇది లేని సొంత కూలింగును ఎంత చవకైనా నేను ఒప్పుకోను.

ఇన్ని చెప్పాక, అసలు నీళ్లే అవసరం లేని షెడ్లు చాలా ఉన్నాయని కూడా చెప్పాలి. స్టీలు రెయిలింగులు, గేట్లు, పాల క్యాన్లు చేసేవాళ్లు ఎనభై, వంద యాంప్స్ దాటరు. వాళ్లకు డబ్ల్యూపీ-17 చాలు. పట్టు కోసం సన్న కేబుల్ కావాలనుకుంటే తప్ప వాటర్ టార్చి వాళ్లకు తలనొప్పి. రోజూ నాలుగైదు గంటలు 150 పైన నడిపేవాళ్లు, పనివాళ్లు మారుతూ ఉండే పెద్ద షెడ్లు ఫ్లో స్విచ్ ఉన్న కంపెనీ కూలరే కొనడం మేలు, ఎందుకంటే సొంత ఏర్పాటు గుట్టు దాన్ని చేసినవాడికే తెలుస్తుంది. వారానికి ఒకటి రెండు అల్యూమినియం పోతలు అతికే మాలాంటివాళ్లకు డ్రమ్ము, రాగిచుట్ట, ఫ్లో స్విచ్ సరిపోయాయి.

మా షెడ్డులో గోడకు మేకు కొట్టి లీటరు సీసా ఒకటి వేలాడదీశాం. పొద్దున్నే ఆర్క్ కొట్టకముందు కుర్రాడు తిరుగు గొట్టం ఊడదీసి అందులో పడతాడు. ఆ సేపు వెల్డింగు మిషన్ ఆపేసి ఉంచుతాం. కొత్తలో సీసా ముప్పై ఐదు సెకన్లలో నిండేది. యాభై దాటిన రోజు ఫిల్టర్ విప్పి కడుగుతాం. నిమిషం దాటిన రోజు, "అన్నా, ఈ పొద్దు గాలి టార్చే" అంటాడు, పాతది దించుకుని రెయిలింగు పని అందుకుంటాం.